దాచడం వేరు, పాతిపెట్టడం వేరు

తెలుగులో 'దాచు' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. రేపటి అవసరానికి జాగ్రత్త చేయడం ఒకటి, ఎవరి కంటా పడకుండా మరుగుపరచడం రెండోది. పిల్ల పెళ్లికి నాలుగు రూకలు దాచామంటాం. నిజం దాచాడనీ అంటాం. మాట ఒకటే, పనులు రెండు. అరబీ భాషలో ఈ రెండు పనులకూ వేర్వేరు మాటలున్నాయి. షరీఅత్ వాటికి వేర్వేరు ఆదేశాలిచ్చింది. ఈ తేడా తెలియకనే కొందరు పొదుపు చేయడం తవక్కుల్‌కు (దైవంపై భరోసాకు) విరుద్ధమంటారు. మరికొందరు ఎంత కూడబెడితే అంత మేలంటారు.

మొదటి మాట 'ఇద్దిఖార్'. అవసర కాలానికి ఎత్తిపెట్టడమని అర్థం. మనం ఉర్దూలో వాడే 'జఖీరా' దీని తోబుట్టువే. ఇది నింద్యమైన పని కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) తమ ఇంటివారికి ఒక ఏడాదికి సరిపడే ఆహారం తీసిపెట్టేవారని హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖించారు. అయితే దీనికొక హద్దుంది. ఒక ఏడాది కరువు బాధితులు మదీనాకు వచ్చినప్పుడు, ఖుర్బానీ మాంసాన్ని మూడు రోజులకు మించి నిల్వ చేయరాదని ప్రవక్త (స) ఆదేశించారు. ఆ ఇబ్బంది తొలగాక తినడానికీ, ఇతరులకు పెట్టడానికీ, దాచుకోవడానికీ అనుమతించారు. అంటే పొరుగువాడి ఆకలిని బట్టి మన నిల్వకు హద్దు ఏర్పడుతుంది.

జఖీరా విలువ మన కొత్తకోట ప్రాంతపు రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. వానను నమ్ముకున్న మెట్ట సేద్యం మనది. పాతర, గుమ్మి, గాదె అన్న మాటలు మన పెద్దల నోట వినని వారుండరు. విత్తనాలను బూడిదలో, వేపాకులో కలిపి కుండల్లో పెట్టేవారు. ఇళ్లలో కంకులను దూలాలకు వేలాడదీసేవారు. ఏడేళ్ల పంటలో తినడానికి కావలసింది మినహా మిగతాది కంకిలోనే ఉంచమని హజ్రత్ యూసుఫ్ (అ) చెప్పిన సంగతి దివ్య ఖుర్ఆన్‌లో ఉంది. కంకిలో ఉన్న గింజ ఎక్కువ కాలం నిలుస్తుందని మన రైతుకూ తెలుసు. ఈజిప్టు గిడ్డంగుల బాధ్యత కోరినప్పుడు యూసుఫ్ (అ) తనకున్న రెండు గుణాలు చెప్పుకున్నారు. ఒకటి కాపాడేవాడు (హఫీజ్) కావడం, రెండోది తెలిసినవాడు (అలీమ్) కావడం. దాచేవారికి ఈ రెండూ కావాలి.

రెండో మాట 'కన్జ్'. పాతిపెట్టిన నిధి అని అర్థం. వెండి బంగారాలను ఇలా పోగుచేసి దైవమార్గంలో ఖర్చు పెట్టని వారిని సూరా తౌబా 34వ ఆయత్ తీవ్రంగా హెచ్చరించింది. జకాత్ చెల్లించిన సొమ్ము కన్జ్ కాదని హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) వివరించారు. మూడో మాట 'ఇహ్తికార్'. ధర పెరగాలని జనం తినే సరుకును బజారుకు రానీయకుండా ఆపడం. అలా చేసేవాడు పాపి అని ప్రవక్త (స) సెలవిచ్చారు.

ఈ తేడాను కళ్లారా చూడాలంటే మన దగ్గర్లోని సరళాసాగర్‌ను చూడాలి. ఉర్దూలో జలాశయాన్ని 'జఖీరా-ఎ-ఆబ్' అంటారు. వనపర్తి రాజా రామేశ్వరరావు తన తల్లి సరళాదేవి పేరిట 1949లో మొదలుపెట్టించిన ఈ ప్రాజెక్టు 1959లో పూర్తయింది. దీని సైఫన్లకు గేట్లు ఎత్తే మనిషి అవసరం లేదు. నీరు హద్దుకు చేరగానే వాటంతటవే పారుతాయి, మట్టం తగ్గగానే ఆగుతాయి. కావలసిన నీరు చెరువులో నిలుస్తుంది, మిగిలింది కిందికి పోతుంది. జకాత్ పని కూడా ఇదే. అదే సరళాసాగర్ కట్ట 2019 డిసెంబర్ 31న తెగి, నిల్వ ఉన్న నీరంతా వృథాగా పోయింది. కాపాడుకోలేని నిల్వ నిల్వ కాదనడానికి అది గుర్తు.

ఇక మన ఇళ్ల సంగతి. ఆడపిల్ల పుట్టిన నాటి నుంచి తల్లులు తులం, అర తులం చొప్పున బంగారం చేర్చడం మంచిదే. కానీ జకాత్ మాట వస్తే 'అది అమ్మాయిది కదా' అంటారు. అమ్మాయికి నిజంగా ఇచ్చేస్తే అది అమ్మాయిదే. తల్లిదండ్రులు దాన్ని అమ్ముకోరాదు. పేరు అమ్మాయిది, అవసరమొస్తే అమ్మే హక్కు మనదీ అయితే, అది మన సొమ్మే. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం నగలకూ జకాత్ ఉంది. బంగారం ఒక్కటే ఉంటే నిసాబ్ ఏడున్నర పాత తులాలు, అంటే 87.48 గ్రాములు. నేటి బజారులో తులమంటే 10 గ్రాములే గనుక గ్రాముల్లోనే లెక్క చూసుకోవాలి. ఆపై ఒక చాంద్రమాన సంవత్సరం నిలిస్తే నలభయ్యో వంతు చెల్లించాలి.

మరో ప్రమాదముంది. పాలమూరు నుంచి వలస వెళ్లే కుటుంబాలు ఎవరి దగ్గరో డబ్బు, నగ అమానత్‌గా పెట్టి వెళతాయి. ఇల్లాలు బియ్యపు డబ్బాలో దాచింది ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ మనిషి హఠాత్తుగా కన్నుమూస్తే ఆ సొమ్ము వారసులకు దక్కదు, అప్పుంటే తీరదు. వసియ్యత్ చేయవలసింది ఉన్న ముస్లిం దాన్ని రాసిపెట్టుకోకుండా రెండు రాత్రులు కూడా గడపరాదని హదీసు చెబుతోంది. కనుక దాచినదేమిటో, ఎక్కడుందో, ఎవరిదో ఒక కాగితం మీద రాయండి. నమ్మదగిన ఇద్దరికి తెలియజేయండి. దొంగ కంట పడకుండా దాచడం వివేకం. హక్కుదారుకు కూడా తెలియకుండా దాచడం పాతిపెట్టడమే.

మన నిల్వలు మనకూ, మన పొరుగువారికీ పనికివచ్చేలా అల్లాహ్ అనుగ్రహించుగాక! ఆమీన్.