పాలలో రవ్వంత... లెక్క తప్పితే కొండంత!

పాలపొడి డబ్బా వెనక అయోడిన్, జింక్, సెలీనియం అంటూ చిన్న అక్షరాల పట్టిక ఉంటుంది. మనలో చాలామంది అది చదవం. కానీ ఆ అంకెల వెనక ఆస్ట్రేలియాలో పెద్ద కథే నడిచింది.

ఒకప్పుడు ఇక్కడి డెయిరీల్లో పాల ట్యాంకులను, పైపులను అయోడిన్ కలిసిన మందుతో శుభ్రం చేసేవారు. అందులో కాస్త పాలలో కలిసేది. అలా ఎవరూ అనుకోకుండానే జనానికి అయోడిన్ అందేది. తర్వాత డెయిరీలు క్లోరిన్ మందులకు మారాయి. పాల రంగు, రుచి మారలేదు. అయోడిన్ మాత్రం తగ్గింది. 2003-04లో బడిపిల్లలకు మూత్రపరీక్షలు చేస్తే న్యూసౌత్‌వేల్స్, విక్టోరియా రాష్ట్రాల్లో స్వల్ప లోపం బయటపడింది. పిల్లల మెదడు ఎదగాలంటే అయోడిన్ కావాల్సిందే. అందుకే 2009 అక్టోబరు నుంచి బ్రెడ్డు తయారీలో అయోడిన్ ఉప్పు తప్పనిసరి చేశారు.

ఎక్కువైనా ముప్పే. అదే ఏడాది డిసెంబరులో 'బాన్‌సోయ్' సోయా పాలను మార్కెట్ నుంచి వెనక్కి రప్పించారు. అందులో వాడిన సముద్రపు నాచు వల్ల అయోడిన్ మితిమీరింది. థైరాయిడ్ దెబ్బతిందంటూ తాగినవాళ్లు కోర్టుకెక్కారు. 2014లో రెండున్నర కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది.

ఇంత తక్కువ మోతాదును కొలిచేదెలా? గ్రాములో పది లక్షలో వంతు... అదే మైక్రోగ్రాము. 1950లలో మెల్‌బోర్న్‌లోని సీఎస్ఐఆర్ఓ శాస్త్రవేత్త అలన్ వాల్ష్ ఒక దారి చూపారు. నమూనాను మంటలో ఆవిరి చేసి, దాని గుండా కాంతి పంపుతారు. ఎంత కాంతి తగ్గిందో చూస్తే జింకు, రాగి, ఇనుము ఎంతున్నాయో తెలుస్తుంది. అయోడిన్‌కు మాత్రం వేల డిగ్రీల ప్లాస్మాతో పనిచేసే మరో యంత్రం వాడతారు. యాసిడ్ తగిలితే అయోడిన్ ఆవిరైపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ఆ పరీక్షకు పాలను క్షారంతో సిద్ధం చేస్తారు.

మా సైట్లో కాంక్రీటుకు నీళ్లు ఎక్కువైతే పోయడానికి హాయిగానే ఉంటుంది, బలం మాత్రం పోతుంది. అందుకే లారీ రాగానే స్లంప్ టెస్టు చేయిస్తాం. పాలపొడీ అంతే. ల్యాబ్‌లో కుదిర్చిన లెక్క వంటింట్లో చెడకూడదు. డబ్బా అయిపోవస్తోందని పలచగా కలపొద్దు. బిడ్డ బొద్దుగా ఉండాలని ఎక్కువా వెయ్యొద్దు. ముందు నీళ్లు, తర్వాత పొడి. ఆ డబ్బాలో వచ్చిన స్కూపే వాడాలి, అంచుకు సమంగా కొలవాలి. ఏడాది నిండేదాకా ఆవుపాలు ప్రధాన ఆహారంగా ఇవ్వొద్దని ఇక్కడి వైద్యుల మాట.

భార్యాబిడ్డలు ఊళ్లో ఉన్న అన్నదమ్ములూ, ఈసారి ఫోన్ చేసినప్పుడు ఈ నాలుగు ముక్కలూ ఇంట్లో చెప్పండి.