అడగకుండా వచ్చి కూర్చునే చోటు

ఎండాకాలం వచ్చిందంటే రెంటచింతల పేరు వార్తల్లో వినబడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎండలు మండిపోయే ఊళ్ల గురించి మాట్లాడేటప్పుడు పల్నాడులోని ఈ మండల కేంద్రాన్ని తలుచుకోకుండా ఉండరు. చిత్రమేమిటంటే ఆ చుట్టుపక్కల దొరికేదంతా ఇల్లు కట్టుకోడానికి కావలసిన సరుకే. మాచర్ల, దాచేపల్లి వైపు నాపరాయి, సిమెంటు ఫ్యాక్టరీలు. పిడుగురాళ్లలో సున్నం బట్టీలు. ఇక్కడి రాయి ఎక్కడెక్కడి ఇళ్లలోనో గచ్చయింది. ఇక్కడి సిమెంటు ఎవరెవరి ఊళ్లలోనో స్లాబయింది. కానీ మధ్యాహ్నం రెండు గంటలకు ఏదో సర్టిఫికెట్టు కోసం మండల కేంద్రానికి వచ్చిన ముసలావిడకు కాసేపు నడుం వాల్చే నీడ మాత్రం దొరకదు. ఊళ్లలో ప్రభుత్వ భవనాలు లేకనా అంటే, బోలెడున్నాయి. గ్రామ సచివాలయం, రైతు సేవా కేంద్రం, అంగన్‌వాడీ, కమ్యూనిటీ హాలు. పని వేళ దాటితే వీటన్నిటికీ తాళం పడుతుంది. కమ్యూనిటీ హాలుకైతే పెళ్లో పేరంటమో ఉన్నప్పుడు తప్ప తాళం తీసేవాళ్లే ఉండరు. తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియక నలుగురిని వాకబు చేయాల్సిన భవనాన్ని ఊరందరిదీ అనడం ఎలా?

ఈ ప్రశ్న ఇప్పుడు ఎత్తడానికి కారణం ఉంది. ఆర్కిటెక్చర్ డిగ్రీ ఐదేళ్ల చదువు. చివరి ఏడాది ప్రతి విద్యార్థీ ఒక పెద్ద ప్రాజెక్టును సొంతంగా డిజైన్ చేసి జ్యూరీ ముందు పెట్టాలి. విజయవాడలో 2008లో మొదలైన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ కావచ్చు, మరో కాలేజీ కావచ్చు, ఈ తరం పిల్లలు విమానాశ్రయాలూ మాల్సుతో పాటు గ్రంథాలయం, చేనేత కార్మికుల కేంద్రం, ఊరి జనం కలుసుకునే చోటు వంటి అంశాలనూ ఎంచుకుంటున్నారు. సంతోషించాల్సిన విషయమే. కానీ ఆ షీట్ల మీద ఒకసారి నిదానంగా చూపు సారించండి. ప్రతిచోటా పచ్చటి చెట్లు, చెట్ల కింద నవ్వుతున్న మనుషులు. ఆ మనుషుల్లో ఎక్కువమంది సాఫ్ట్‌వేర్‌తో పాటు దిగుమతైనవాళ్లు, వీపున బ్యాగు తగిలించుకున్న విదేశీయులు. మిరపకాయల టిక్కీ భుజాన వేసుకున్న హమాలీ గానీ, చంకలో బిడ్డతో రేషను కోసం నిలబడిన ఇల్లాలు గానీ అందులో కనబడరు. ఊరి కోసం కట్టే కట్టడాన్ని దాని రూపం చూసి మెచ్చుకుంటే సరిపోదు, వేరే పరీక్ష పెట్టాలి. ఎవరైనా సరే ఒకరిని అడిగే పని లేకుండా అక్కడికొచ్చి కూర్చోగలగాలి. అలా కూర్చున్నవాళ్లను ఎవరూ లేపకూడదు. యువ ఆర్కిటెక్టు వేసే ప్రతి గీతా ఈ పరీక్షకు నిలవాలని నా వాదన.

ఇది పల్నాడుకు బయటినుంచి తేవాల్సిన ఆలోచనేం కాదు. మాచర్ల దాటి సాగర్ దారిలో అనుపు దగ్గర మెట్ల మైదానం ఒకటి కనిపిస్తుంది. క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో ఉన్న కట్టడమిది. నాగార్జునసాగర్ నీళ్లలో ఆ లోయ మునిగిపోతుందని తెలిసి పురావస్తు శాఖ 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వకాలు జరిపింది. బయటపడ్డ కట్టడాల్లో కొన్నిటిని ఎత్తైన చోటికి తరలించి తిరిగి నిలబెట్టింది. మధ్యలో పొడవాటి ఖాళీ బయలు, నాలుగు వైపులా వరసలు వరసలుగా మెట్లు. బయల్లో మాట్లాడే మాట పై మెట్టు మీద కూర్చున్నవాళ్లకూ వినబడుతుంది. దీనికి పైకప్పు లేదు, గదులు లేవు, ఉన్నదల్లా కూర్చోడానికి చోటు. 2022లో కొత్త జిల్లా ఏర్పడ్డాక పల్నాడులోకి వచ్చిన అమరావతి స్తూపం సంగతి మరో రకం. పల్నాటి సున్నపురాయి మీద చెక్కిన ఆ శిల్పాలకు ఖర్చు పెట్టింది రాజులొక్కరే కారు. భిక్షువులు, భిక్షుణులు, వర్తకులు, గృహిణులు తలా ఒక పలకో స్తంభమో ఇచ్చినట్టు శాసనాలు చెబుతాయి. విధికుడనే చర్మకారుడు తన కుటుంబంతో కలిసి పూర్ణకుంభం చెక్కిన పలకను దానమిచ్చాడు. ఆ రోజుల్లో అతన్ని నలుగురితో సమానంగా కూర్చోనిచ్చారో లేదో శాసనం చెప్పదు కాబట్టి నేనూ చెప్పబోను. కట్టడంలో ఒక భాగం తనదని రాయించుకునే వీలు మాత్రం అతనికి ఉంది. ఈనాటి కమ్యూనిటీ హాలు ముందున్న శిలాఫలకం మీద ఎవరెవరి పేర్లుంటాయో మనకు తెలిసిందే.

ఊరు తనంతట తాను కట్టుకునేవీ ఉన్నాయి. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు చుట్టుపక్కల ఊళ్లు ప్రభలు కడతాయి. పురుషోత్తపట్నం, కావూరు లాంటి ఊళ్ల విద్యుత్ ప్రభలు పది అంతస్తుల మేడకు దీటుగా లేస్తాయి. దుంగలు ఎక్కడ ఆనించాలి, వెదుర్లు ఎలా బిగించాలి, గాలి వీస్తే ఎన్ని మోకులు ఎటు లాగి పట్టాలి, మలుపులో బండి ఎలా తిప్పాలి, ఇవన్నీ ఊళ్లో కుర్రాళ్లకు తెలుసు. చందా పుస్తకం ఊరిదే, పనీ ఊరిదే. అలాగే కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు వీరుల ఉత్సవాలు జరుగుతాయి. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధాన్ని తలుచుకుంటూ నాగులేరు పక్కన జరిగే ఆ ఉత్సవాల్లో, బ్రహ్మనాయుడు మొదలుపెట్టాడని చెప్పుకునే చాపకూడు కూడా ఉంటుంది. కులంతో పని లేకుండా ఒక వరసలో కూర్చుని తినడం దాని నియమం. అంత పెద్ద పనికి కావలసిన కట్టడం ఏపాటిది? ఓ పందిరి, పరిచిన చాపలు, చేతులు కడుక్కునే నీళ్లు. ఇక్కడ సభా భవనం డిజైన్ చేయబోయే విద్యార్థి ఈ రెంటినీ కొలతలతో సహా గీసుకుంటే చాలు, సగం పని అయినట్టే. ఎంతమంది కూర్చున్నారు, వడ్డించేవాళ్లు నడవడానికి ఎన్ని అడుగులు వదిలారు, ఆడవాళ్లు ఎటువైపు నుంచి వచ్చారు, ఎంగిలాకులు ఎక్కడ పడ్డాయి అన్నవి చూసి గీయాలే తప్ప ఊహించి గీసేవి కావు.

విద్యార్థి ప్రాజెక్టు కాగితం మీదే ఆగిపోతుంది కదా అనేవాళ్లకు ఆఫ్రికాలోని గాండో గ్రామాన్ని చూపించాలి. బుర్కినా ఫాసోలో ఎండలకు మాడిపోయే కుగ్రామమది. ఆ ఊళ్లో పుట్టిన ఫ్రాన్సిస్ కేరే బెర్లిన్‌లో ఆర్కిటెక్చర్ చదువుతూ, డిగ్రీ చేతికి రాకముందే తన ఊరికి బడి డిజైన్ చేశాడు, చందాలు పోగుచేశాడు, 2001 నాటికి కట్టించాడు. దానికి 2004లో ఆగాఖాన్ అవార్డు, ఆయనకు 2022లో ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చాయి. బహుమతుల కన్నా ఆ కప్పు సంగతి మనకు ముఖ్యం. గోడలు ఊరి మట్టిలో కాస్త సిమెంటు కలిపి అచ్చుపోసిన ఇటుకలు. గది మీద సందులున్న మట్టి ఇటుకల కప్పు. దానికి పైన, మధ్యలో గాలి ఆడేలా జాగా వదిలి, ఇనుప చువ్వలను వంచి చేసిన ట్రస్సుల మీద రేకులు వేశారు. రేకులు గోడల్ని దాటి బాగా ముందుకు వస్తాయి. ఎండ వేడి రేకు దగ్గరే ఆగుతుంది, గదిలోని వేడిగాలి సందుల్లోంచి పైకి పోతుంది. మన సచివాలయం స్లాబు చేసేది దీనికి సరిగ్గా ఉల్టా. పగలంతా వేడి పీల్చుకుని, సాయంత్రం నుంచి దాన్ని లోపలికి వదులుతూ ఉంటుంది. రెంటచింతలలో అలాంటి స్లాబు కింద ఫ్యాను తిరిగినా వేడిగాలినే తిప్పుతుంది. రెండో కప్పుకు డబ్బు లేకపోతే పిడుగురాళ్ల సున్నమైనా ఉంది. తెల్లటి పూత ఎండను తిప్పికొడుతుందని పాత మేస్త్రిలకు తెలుసు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమంటూ ఒకటి తెచ్చింది, దాని వెనకున్న సూత్రమూ అదే.

జర్మన్ యువతి అన్నా హెరింగర్ది కూడా అలాంటి కథే. ఆస్ట్రియాలో చదువుకుంటూ థీసిస్‌గా రాసుకున్న మట్టి, వెదురు బడిని బంగ్లాదేశ్‌లోని రుద్రపూర్‌లో స్థానిక కూలీలతో కలిసి 2005లో నిలబెట్టింది. మన దగ్గర సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేట మెట్లబావి ఉంది. ఏళ్ల తరబడి చెత్తతో పూడిపోయిన ఆ 53 అడుగుల బావిని ఆర్కిటెక్టు కల్పనా రమేష్, ఆమె సంస్థ, నగర పాలక సంస్థ కలిసి శుభ్రం చేయించాయి. 2022 డిసెంబరులో అది మళ్లీ జనంలోకి వచ్చింది. కొత్తగా కట్టడమే కాదు, ఉన్న చోటును తిరిగి వాడుకలోకి తేవడం కూడా డిజైనేనని ఈ బావి చెబుతోంది. పల్నాడులో పాడుబడ్డ చావిళ్లు, ఎవరూ దిగని కోనేర్లు తక్కువేం లేవు.

ఇక అభ్యంతరాలు. ఇంజనీర్లు చెప్పేదాంట్లో న్యాయముంది. రాష్ట్రమంతా వేల భవనాలు తొందరగా లేవాలంటే ఒకే ప్లాను, ఒకే ఎస్టిమేటు, ఒకే రేట్ల పట్టిక ఉండాలి. ఊరికో డిజైనంటే టెండరు తేలదు, ఆడిట్ ఒప్పుకోదు. నిజమే. అయితే పునాది, పిల్లరు, కడ్డీల లెక్క రాష్ట్రమంతా ఒకటే ఉన్నా, భవనం ఏ దిక్కుకు తిరగాలో, పడమటి గోడకు నీడ ఎలా రావాలో శ్రీకాకుళానికీ గురజాలకూ ఒకటే ఎందుకు కావాలి? పది అడుగుల వసారా, దాని చుట్టూ మోకాలెత్తు నాపరాతి అరుగు, తాళం పడ్డ గదులతో సంబంధం లేకుండా బయటే ఒక కుళాయి, ఒక దీపం. వీటిని ఎస్టిమేటులో అదనపు పద్దుగా చేరిస్తే టైపు డిజైను చెడిపోదు. ఆఫీసు మూసేశాక కూడా ఆ వసారా ఊరిదే.

రెండో అభ్యంతరం ఊరివాళ్లదే, నా లెక్కలో ఇదే బలమైనది. నాపరాళ్లు, సున్నం, మట్టి మిద్దె అంటే పేదరికం గుర్తుకొస్తుంది. బండల కప్పు కురిసే బాధ, ఏటేటా పైన మట్టి వేసుకునే చాకిరీ పడ్డవాళ్లు స్లాబు కోరుకుంటే వాళ్లను తప్పుపట్టే హక్కు పట్నం ఆర్కిటెక్టుకు లేదు. ఈజిప్టులో హసన్ ఫతీ 1940లలో లక్సర్ దగ్గర మట్టి ఇటుకలతో కొత్త గుర్నా అనే ఎంతో అందమైన ఊరు కట్టాడు. ఎవరికోసం కట్టాడో వాళ్లు అందులోకి రావడానికి ఇష్టపడలేదు. పాత ఊరు వదిలితే బతుకుతెరువు పోతుంది. పైగా గుమ్మటాల కప్పు వాళ్ల కంటికి సమాధిలా కనిపించింది. గాండోలో కూడా మట్టి గోడ వానకు నిలవదని ఊరివాళ్లు మొదట నమ్మలేదు. కేరే వాళ్ల ముందే ఇటుక తయారుచేసి, కమాను కట్టి, దాని మీద జనాన్ని నిలబెట్టి చూపించాక ఒప్పుకున్నారు. చూపించి ఒప్పించడం వేరు, మీ సంస్కృతి ఇదేనంటూ నెత్తిన రుద్దడం వేరు. మాచర్లలో కుటుంబాలు స్లాబే కావాలంటే స్లాబే వేయాలి. నాపరాయిని అరుగుకూ నడిచే దారికీ వాడుకుంటే సరిపోతుంది, అక్కడ దాన్ని కాదనేవాళ్లు లేరు.

మూడోది అడగడానికి మొహమాటపడే ప్రశ్న. కులాల వారీగా, పార్టీల వారీగా విడిపోయిన ఊళ్లో అరుగు కడితే అది ఎవరి అరుగవుతుంది? మనం ముచ్చటగా చెప్పుకునే రచ్చబండ మీద కూడా కూర్చున్నది ఎక్కువగా మగవాళ్లే, అందులోనూ అందరూ కారు. గోడలు మనసుల్ని మార్చవు, ఆ భ్రమ నాకు లేదు. కానీ చోటు ఎక్కడుంటుందన్నది డిజైనరు చేతిలోనే ఉంటుంది. ఒక పెద్ద వీధి మధ్యలో, ఒకరి ఇంటి గుమ్మానికి ఎదురుగా కట్టిన హాలు ఆ ఇంటిదైపోతుంది. బస్సు ఆగే చోట, బడి ముందు, నీళ్ల ట్యాంకు పక్కన, నాలుగు దారులు కలిసే దగ్గర కట్టింది ఎవరి సొత్తూ కాకుండా ఉండే అవకాశం ఎక్కువ. ఆడవాళ్లు రోజూ ఎలాగూ వెళ్లే దారిలో, వెలుతురున్న చోట, పక్కనే మరుగుదొడ్డి ఉంటే వాళ్లూ కూర్చుంటారు. లేకపోతే ఎంత గొప్ప మండపమైనా సాయంత్రానికి చీట్లపేక బ్యాచీ ఆక్రమిస్తుంది.

మిగిలింది మరమ్మతు. ఆర్కిటెక్టు ఫొటోలు తీసుకుని వెళ్లిపోయాక సున్నం ఎవరు వేయిస్తారు, కదిలిన బండ ఎవరు సర్దిస్తారు, ఊడ్చే మనిషికి కూలి ఏ పద్దులోంచి ఇస్తారు? 1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలను పదకొండో షెడ్యూలులో రాసింది. ఊరి ఉమ్మడి ఆస్తుల నిర్వహణ అందులో ఉంది, చిట్టచివరి 29వ అంశంగా. థీసిస్‌లో కూడా దానికి అదే గతి, చాలాసార్లు ఆ చివరి చోటు కూడా దక్కదు. ఏడాదికి ఎన్ని బస్తాల సున్నం, ఎన్ని రోజుల కూలి, ఎంత కరెంటు బిల్లు అవుతుందో, ఆ డబ్బు ఆ పంచాయతీకి ఎక్కడినుంచి వస్తుందో ఒక షీటు మీద వేసి చూపించని ప్రాజెక్టును, మోడలు ఎంత ముద్దొచ్చినా సరే, జ్యూరీ వెనక్కి పంపాలి.