సెయిల్‌బోట్ లైఫ్: పడవే ఇల్లు.. సముద్రమే వీధి! రీల్స్‌లో చూపించని అసలు కథ ఇదీ..

నీలి రంగు నీళ్లు.. తెల్లటి తెరచాప.. డెక్ మీద కాళ్లు చాపుకుని కాఫీ తాగుతున్న జంట. ఉద్యోగాలు వదిలేసి, ఇల్లు అమ్మేసి పడవలోనే కాపురం పెట్టినవాళ్ల వీడియోలు మీ ఫీడ్‌లోకి కూడా వచ్చే ఉంటాయి. అద్దె లేదు, ట్రాఫిక్ లేదు, గాలి ఫ్రీ.. ఇంకేం కావాలి అనిపిస్తుంది. రోజూ వీడియోలు కట్ చేసే పని మాది కాబట్టి ఒక మాట చెప్పాలి. అరనిమిషం రీల్ కోసం పక్కన పడేసే ఫుటేజ్ గంటల కొద్దీ ఉంటుంది. పడవ విషయంలో ఆ పక్కన పడేసే దాంట్లోనే అసలు జీవితం ఉంది.. ఇంజిన్ పక్కన ఇరుకు సందులో దూరి, నోట్లో టార్చ్ పెట్టుకుని గొట్టానికి క్లిప్ బిగిస్తున్న మనిషి!

ఈ జీవితం గురించి వినగానే అందరూ అడిగే ప్రశ్నలు రెండే. తుఫాను వస్తే? దొంగలు వస్తే? రెండూ కరెక్ట్ ప్రశ్నలే. అయితే పడవలో ఉండేవాళ్లు రాత్రి పడుకునే ముందు చూసుకునేవి వేరే ఉన్నాయి. అడుగున నీళ్లు చేరాయా? లంగరు జారుతోందా?

పడవకు కన్నాలు.. అదీ కావాలనే!

క్రూజింగ్ సెయిల్‌బోట్ అంటే హుస్సేన్ సాగర్‌లో పోటీలప్పుడు కనిపించే చిన్న తెరచాప పడవ కాదు. సాధారణంగా 35 నుంచి 45 అడుగుల పొడవుంటుంది. లోపల రెండు మూడు పడకలు, గ్యాస్ స్టవ్, సింక్, టాయిలెట్, ఒక డీజిల్ ఇంజిన్ ఉంటాయి. చిన్న సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అనుకోండి.

ఈ ఇంటి అడుగు భాగంలో కావాలనే పెట్టిన కన్నాలు ఉంటాయి. ఇంజిన్‌ను చల్లబరచడానికి సముద్రపు నీళ్లు లోపలికి రావాలి. టాయిలెట్‌కు నీళ్లు కావాలి. సింక్ నీళ్లు బయటికి పోవాలి. అందుకే ప్రతి కన్నానికీ ఒక వాల్వు ఉంటుంది. దాన్ని సీకాక్ అంటారు. దానికో రబ్బరు గొట్టం, గొట్టానికి స్టీల్ క్లిప్పులు. ఉప్పు తగిలి ఆ క్లిప్ తుప్పు పట్టి ఊడిందనుకోండి..

నీటిమట్టానికి రెండు అడుగుల కింద ఉన్న అంగుళంన్నర కన్నం నుంచి నిమిషానికి 100 లీటర్లకు పైనే నీళ్లు లోపలికి వస్తాయి. మన మేడ మీద ఉండే 1000 లీటర్ల ట్యాంకు పది నిమిషాల్లోపే నిండిపోతుందన్నమాట. అందుకే జాగ్రత్తగా ఉండేవాళ్లు ప్రతి సీకాక్ పక్కనే దాని సైజుకు సరిపోయే చెక్క బిరడాను తాడుతో కట్టి ఉంచుతారు. గొట్టం ఊడితే సుత్తితో ఆ బిరడా దిగ్గొట్టడమే. చీకట్లో, మోకాలి లోతు నీళ్లలో వెతుక్కునే టైమ్ ఉండదు కదా!

చేరిన నీటిని తోడేయడానికి పడవ అట్టడుగున, బిల్జ్ అనే చోట పంపు ఉంటుంది. నీళ్లు పెరగ్గానే అదే ఆన్ అవుతుంది. కానీ అది నడిచేది బ్యాటరీ మీద. యజమాని ఊరెళ్లి నెల రోజులు రాకపోతే, బ్యాటరీ దిగిపోతే అంతే సంగతులు. ప్రయాణంలో మునిగే పడవల కంటే ఒడ్డున కట్టేసిన చోటే మునిగే పడవలు ఎక్కువని అమెరికాలోని బోట్‌యూఎస్ సంస్థ బీమా క్లెయిముల లెక్కలు చూసి చాలాకాలంగా చెబుతోంది. నమ్మబుద్ధి కాదు, కానీ కారణం ఇదే.

గ్యాస్ సంగతి మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. ఎల్పీజీ గాలి కంటే బరువు. ఇంట్లో లీకైతే కిటికీలు, తలుపులు తీస్తాం. పడవలో గ్యాస్ నేరుగా కిందకి దిగి బిల్జ్‌లో కూర్చుంటుంది. అక్కడ తలుపుల్లేవు. పంపు స్విచ్ నుంచి ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే సిలిండర్‌ను లోపల పెట్టరు. గ్యాస్ లీకైతే బయటికే పోయేలా అడుగున రంధ్రం ఉన్న ప్రత్యేక పెట్టెలో పెడతారు. వంటయ్యాక వాల్వు కట్టేయడం చేతికి అలవాటు కావాల్సిందే.

ఉప్పు ఊరుకోదు

సముద్రంలో ఉన్న పడవ అడుగుకు నాచు, గవ్వల్లాంటి జీవులు అతుక్కుంటాయి. అవి పెరిగితే పడవ ఈడ్చుకుంటూ నడుస్తుంది. కాబట్టి ఏడాదికో, రెండేళ్లకో పడవను క్రేన్‌తో నీళ్లలోంచి పైకి తీసి, గీకి, ప్రత్యేకమైన పెయింట్ వేయాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గర జింక్ ముక్కలు బిగిస్తారు. ఉప్పునీటిలో వేర్వేరు లోహాలు కలిసినప్పుడు ఒకటి తినేయబడుతుంది. ఆ నష్టం ప్రొపెల్లర్‌కు కాకుండా జింక్‌కు జరిగేలా చేసే ఏర్పాటు ఇది. అరిగిపోయిన జింక్‌ను మార్చడం మర్చిపోతే తర్వాత వంతు ప్రొపెల్లర్‌దే.

తెరచాప స్తంభాన్ని నిలబెట్టే స్టీల్ తీగలకూ వయసుంటుంది. పైకి మెరుస్తూనే ఉంటాయి, లోపల పగుళ్లు వస్తుంటాయి. పదేళ్లు దాటితే మార్చమని చాలా బీమా కంపెనీలు అడుగుతాయి. మొత్తంగా పడవ ధరలో ఏటా పదో వంతు నిర్వహణకే పోతుందని ఒక మోటు లెక్క ఉంది. అంటే 50 లక్షల పడవకు ఏడాదికి 5 లక్షలు. అద్దె లేదని సంబరపడేవాళ్లు ఒకసారి ఆలోచించుకోవాలి మరి.

మన తెలుగమ్మాయిలకూ తెలిసిన కష్టమే

2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి ఐఎన్ఎస్‌వీ తారిణి బయల్దేరింది. ఆరుగురు మహిళా నేవీ అధికారులు. వాళ్లలో విశాఖపట్నానికి చెందిన పి.స్వాతి, హైదరాబాద్‌కు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. 21,600 నాటికల్ మైళ్లకు పైగా తిరిగి, 254 రోజుల తర్వాత 2018 మే 21న గోవా చేరారు. కాపురం కాదు, నేవీ యాత్ర. అయినా ఆ పడవే వాళ్ల ఇల్లు, మెకానిక్‌లూ వాళ్లే. కేప్ హార్న్ దాటినవాళ్లకు ఇంటికి వచ్చే దారిలో స్టీరింగ్ గేర్ మొరాయించింది. ముందు ప్లాన్‌లో లేని మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది.

నేవీ మాజీ అధికారి అభిలాష్ టోమీ కథ ఇంకా గట్టిది. 2018 సెప్టెంబర్‌లో ఒంటరిగా రేస్ చేస్తుంటే దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫానుకు పడవ స్తంభం విరిగింది, వెన్నెముకకు గాయమైంది. మూడు రోజుల తర్వాత ఫ్రాన్స్ నౌక ఒసిరిస్ వచ్చి కాపాడింది. 2022లో మళ్లీ అదే గోల్డెన్ గ్లోబ్ రేస్‌కు వెళ్లాడు. ఈసారి గాలితో పడవను దారిలో ఉంచే పరికరం చెడితే టాయిలెట్ తలుపు కోసి భాగాలు తయారు చేసుకున్నాడు. 2023 ఏప్రిల్‌లో రెండో స్థానంలో రేస్ పూర్తి చేశాడు. తలుపు లేకుండానే!

మరి దొంగల సంగతి?

ముందు పెద్ద భయం గురించే చెప్పుకుందాం. 2009 అక్టోబర్‌లో సీషెల్స్ నుంచి బయల్దేరిన లిన్ రైవల్ అనే పడవ మీదకు రాత్రిపూట సోమాలియా పైరేట్లు ఎక్కారు. అందులోని బ్రిటిష్ దంపతులు 388 రోజులు బందీలుగా ఉన్నారు. 2011 ఫిబ్రవరిలో భారత్ నుంచి ఒమన్ వైపు వెళ్తున్న క్వెస్ట్ పడవను పట్టుకున్నారు. అమెరికా నేవీ ఓడలు వెంటే ఉన్నా అందులోని నలుగురు అమెరికన్లు ప్రాణాలతో బయటపడలేదు. ఆ తర్వాత చాలామంది ఎర్ర సముద్రం దారి వదిలేశారు. కొందరు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లారు, కొందరు పడవను సరుకుల ఓడ మీదకు ఎక్కించి పంపారు. 2023 చివరి నుంచి ఎర్ర సముద్రంలో వాణిజ్య నౌకలపై హౌతీల దాడులు మొదలవడంతో ఆ దారి మళ్లీ భయపెట్టింది.

సముద్రం మధ్యలోనే ప్రమాదం అనుకోవడానికీ లేదు. 2024 ఫిబ్రవరిలో కరీబియన్ దీవి గ్రెనడాలో పోలీస్ కస్టడీ నుంచి తప్పించుకున్న ముగ్గురు, తీరం దగ్గర లంగరేసి ఉన్న సింప్లిసిటీ అనే పడవను ఎత్తుకుపోయారు. తర్వాత పడవ సెయింట్ విన్సెంట్‌లో దొరికింది. అందులో నివసించే అమెరికన్ దంపతులు మాత్రం దొరకలేదు. వాళ్లు చనిపోయారనే భావిస్తున్నారు.

ఇలాంటివి అరుదు. మామూలుగా పోయేది డింగీ, అంటే పడవకూ ఒడ్డుకూ మధ్య తిరిగే చిన్న రబ్బరు బోటు, దాని మోటారు. మనకు బైక్ లాంటిది. అది పోతే కూరగాయలకు కూడా వెళ్లలేరు. అందుకే రాత్రయితే దాన్ని తాళ్లతో నీళ్లలోంచి పైకి లేపి, గొలుసు వేసి తాళం పెడతారు. లోపల పడుకునేటప్పుడు తలుపుకు లోపలి నుంచి గడియ ఉండే ఏర్పాటు చేసుకుంటారు. కొత్త రేవులో లంగరేసే ముందు అక్కడ ఇటీవల ఏం జరిగిందో మిగతా పడవలవాళ్లను అడిగి తెలుసుకుంటారు. తుపాకీ పెట్టుకుంటే సరిపోతుంది కదా అనుకుంటున్నారా? చాలా దేశాల్లో రేవులోకి రాగానే దాన్ని అధికారులకు చెప్పి అప్పగించాలి. దాచిపెడితే జైలే.

ఇంతకీ లంగరు మాట. లోతుకు కనీసం ఐదు రెట్ల పొడవున గొలుసు వదిలితేనే లంగరు నేలను పట్టుకుని ఉంటుంది. గాలి దిశ మారితే అర్ధరాత్రి జారొచ్చు. అందుకే ఫోన్‌లో జీపీఎస్ అలారం పెట్టుకుంటారు. పడవ హద్దు దాటగానే మోగుతుంది. అంతవరకూ సగం నిద్రే.

తుఫాన్ల కాలంలో పడవను ఆ ప్రాంతం నుంచి తప్పించడమే పద్ధతి. ఒక్కోసారి అదీ పనిచేయదు. హరికేన్ల దారికి దక్షిణంగా ఉంటుందని చాలామంది నమ్మే గ్రెనడాకే చెందిన కారియకూ దీవిని 2024 జూలై 1న బెరిల్ హరికేన్ తాకింది. మడ అడవుల్లో కట్టేసిన పడవలు కూడా ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

ఇవన్నీ చదివాక కూడా మనసు లాగుతోందా? అయితే ముందే పడవ కొనేయకండి. తెలిసినవాళ్ల పడవలో సాయంగా రెండు వారాలు వెళ్లి రావచ్చు. మన దేశంలో అయితే కొచ్చిలోని బోల్గట్టి మెరీనాలో ఇలాంటి పడవలను దగ్గర్నుంచి చూడొచ్చు. ఎక్కే అవకాశం దొరికితే సూర్యాస్తమయం తర్వాత.. ముందు నేల పలక ఎత్తి బిల్జ్ చూపించమని అడగండి. పొడిగా ఉందో లేదో చూడండి. చెక్క బిరడాలు ఎక్కడున్నాయో కూడా అడగండి. యజమాని వెతుక్కుంటుంటే ఆ పడవలో రాత్రి ఉండే ప్లాన్ మానేయడం బెటర్.