టెలివిజన్ తెరపై సొంత ఫోటోలు

గ్రామములో జరిగిన పనుల ఫోటోలను గ్రామసభలో టెలివిజన్‌పై చూపుట మెచ్చదగిన పద్ధతి. అయితే ఆ ఫోటోలు గూగుల్ ఫోటోస్ వంటి ఇంటర్నెట్ నిల్వలో ఉన్నప్పుడు కొన్ని పరిమితులు కలవని పంచాయతీ సభ్యులు గుర్తింపవలెను.

2013లో వెలువడిన క్రోమ్‌కాస్ట్ అను చిన్న పరికరమును టెలివిజన్ హెచ్‌డీఎంఐ పోర్టులో అమర్చుదురు. 2024లో దాని తయారీ నిలిచినను, ఆ సౌకర్యము నేడు పెక్కు టెలివిజన్లలోనే కలదు. అది ఫోటోలను ఇంటర్నెట్ నుండి తెచ్చి చూపును. సాధారణముగా ఫోనును, టెలివిజనును ఒకే వైఫైలో ఉంచవలెను. ఇంటర్నెట్ లేనిచో ఫోటోలు రావు.

రెండవ పరిమితి ఇంతకంటె ముఖ్యమైనది. సొంత ఫోటోలకు ఖాతాయే తాళము. ఖాతాదారుడు అనుమతించినగాని అవి తెరపైకి రావు. అనుమతించిన పిమ్మట తెర ఎదుట ఎవరున్నారో పరికరమెరుగదు. ఖాళీ వేళ ఆల్బము కనబడునట్లు అమర్చినచో, ఎవరును మీట నొక్కకయే ఫోటోలు వరుసగా వచ్చును. వానిలో పింఛనుదారుల ఆధార్ కార్డులున్నచో గదిలోని వారందరును చూతురు. ఆల్బము లింకును పంచుట అంతకంటె ప్రమాదకరము. లింకు చేరిన వారెవరైనను తెరచి చూడగలరు.

కావున చూపదగిన ఫోటోలను మాత్రమే పెన్‌డ్రైవులో ఎక్కించి, టెలివిజన్ యూఎస్‌బీ పోర్టులో పెట్టి చూపవలసినదిగా మనవి చేయుచున్నాము. దీనికి ఇంటర్నెట్ గాని, ఖాతా గాని అక్కరలేదు. ఫోను నుండియే చూపవలసి వచ్చినచో, పనుల ఫోటోలతో వేరొక ఆల్బము సిద్ధపరచుకొని, సభ ముగియగానే ప్రసారమును నిలిపివేయవలెను.