పూనకము కాదు, మెదడు వ్యాధి

నోరు ఊరకే నమలుట, నాలుక వెలికి చాచుట, కాలుసేతులు వానియంతట అవి మెలిదిరుగుట, గంటలకొలది కొయ్యవలె బిగిసియుండుట - వీనిని చూచిన యింటివారు పూనకమనియో, గాలి సోకినదనియో తలతురు. శేరిగూడ వంటి గ్రామములందే కాదు, పట్టణములందును మొదటి తలంపు ఇదియే. కాని ఆరోగ్యముతో తిరుగుచున్నవారు కొలది వారములలోనే నిద్ర మాని, పొంతనలేని మాటలాడి, పిమ్మట మూర్ఛలకును, ఇట్టి కదలికలకును లోనైనచో అది మెదడు వ్యాధి కావచ్చునని మేము మనవి చేయుచున్నాము.

దేహమును కాపాడవలసిన ప్రతిరక్షకములే దారితప్పి మెదడుపై దాడి చేయుట దీనికి మూలము. దీనిని వైద్యులు ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్ అందురు. ఇందు ఎన్.ఎమ్.డి.ఎ. గ్రాహకములకు సంబంధించిన రకమును 2007లో డాక్టరు జోసెప్ డాల్మావ్, ఆయన సహచరులు వివరించిరి. ఇది యువతులలో హెచ్చు. కొందరిలో అండాశయమందలి గడ్డ దీనికి కారణమగును.

చికిత్స రెండు విధములు. మొదటిది మూలమునకు: స్టీరాయిడ్లు, ఇమ్యూనోగ్లోబ్యులిన్, ప్లాస్మా మార్పిడి, గడ్డ యున్నచో శస్త్రచికిత్స. రెండవది కదలికలకు. కదలికలన్నియు మూర్ఛలు కావు, ఇ.ఇ.జి. పరీక్షతో భేదము తెలిసికొననిదే మూర్ఛమందులు పెంచుచు పోయినచో మగతయే మిగులును. బిగువునకు లోరాజెపామ్ వంటి మందు పలువురకు మేలు చేయును. హాలోపెరిడాల్ వంటివి కొందరిలో బిగువును, జ్వరమును హెచ్చించును. కనుక ఏ మందైనను వైద్యుని చేతి మీదుగనే యీయవలెను.

ఇంటివారు చేయదగినదియు గలదు. రోగిని త్రాళ్లతో కట్టరాదు. మంచము ప్రక్కలకు మెత్తలు అమర్చవలెను. నోటిలో చెంచా గాని, గుడ్డ గాని క్రుక్కరాదు. మూత్రము నల్లబడినను, జ్వరము హెచ్చినను, శ్వాస తడబడినను వెంటనే వైద్యునికి తెలుపవలెను. ఎడతెగని కదలికలచే కండరములు చితికి మూత్రపిండములు చెడు ప్రమాదము కలదు. కదలికలను సెల్‌ఫోనులో చిత్రించి చూపినచో రోగనిర్ణయము సులభమగును.

శేరిగూడవారు సాగరు రోడ్డు వెంట హైదరాబాదు చేరి, పంజాగుట్టలోని నిమ్స్ వంటి ఆసుపత్రులలో నరముల వైద్యులను సంప్రదింపవచ్చును. వెన్నునీటి పరీక్ష రోగమును బయటపెట్టును.

2013లో ప్రకటింపబడిన 577 మంది రోగుల పరిశీలనలో, రెండేండ్ల వరకు గమనింపబడినవారిలో నూటికి సుమారు 80 మంది తమ పనులు తాము చేసికొనగల స్థితికి వచ్చిరి. చికిత్స త్వరగా మొదలైనవారు ఎక్కువ బాగుపడిరి. తాయెత్తుల కొరకు పోవు ప్రతి వారమును ఆ మేలునుండి తగ్గినదే యని యింటివారు గుర్తుంచుకొనవలెను.