కుక్క మెడలో తాడు – ఏ పాఠానికి ఏది?

"బండి కింద నడిచే కుక్క, బండిని తానే మోస్తున్నాననుకుందట!" ఈ సామెత మీరు వినే ఉంటారు. నా చిన్నతనంలో నేను ఆ కుక్కను కళ్లారా చూశాను. బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో 1937లో స్థాపించిన నిజాం చక్కెర కర్మాగారం అప్పుడు జోరుగా నడుస్తుండేది. (2015లో అది మూతపడింది.) చెరకు నరికే రోజులొచ్చాయంటే చాలు, ఎడపల్లి వైపు నుంచీ వర్ని వైపు నుంచీ ఎడ్లబండ్లు బారులు తీరేవి. కొన్ని బండ్ల కింద, రెండు చక్రాల మధ్య, ఒక కుక్క నింపాదిగా నడుస్తూ ఉండేది. దాని మెడకు తాడు ఉండేది కాదు. అయినా అది బండిని విడిచి పోయేది కాదు. ఎందుకో చెప్పగలరా? ఆలోచిస్తూ ఉండండి. మళ్లీ ఈ కుక్క దగ్గరికే వద్దాం.

ఈ మధ్య మా తొమ్మిదో తరగతిలో ఒక పిల్లవాడు అరచేతికి కట్టుతో వచ్చాడు. ఏమైందని అడిగాను.

"కుక్కను చేనుకు తోల్కపోయిన సార్. చెరకుల పంది కనవడంగనే ఉరికింది. తాడు చేతుల నుంచి జర్రున గుంజుకపోయింది."

"తాడు ఎంత పొడుగుందిరా?"

"మేకను కట్టే నైలాన్ తాడు సార్. పది గజాలుంటది."

చేతి బొబ్బలు వారంలో మానాయి. కుక్క మాత్రం రెండు రోజులపాటు ఖళ్లుఖళ్లుమని దగ్గిందట, మేత ముట్టలేదట. ఆ రోజు చెప్పవలసిన పాఠం పక్కన పెట్టి, నల్లబల్ల మీద ఆ కుక్క లెక్కే చేశాం. మీరూ కాగితం, పెన్సిలు తీసుకోండి.

కుక్క బరువు 20 కిలోలు అనుకుందాం. నిలుచున్న చోటు నుంచి అది సెకనుకు సెకనుకు 2 మీటర్ల త్వరణంతో పరుగు తీసిందనుకుందాం. బయలుదేరే వేగం సున్నా గనుక, తుదివేగపు వర్గం = 2 × త్వరణం × దూరం. తాడులో 1 మీటరు వదులు ఉంటే, తాడు బిగిసే క్షణానికి వేగం సెకనుకు 2 మీటర్లు. వదులు 9 మీటర్లు ఉంటే వేగం 6 మీటర్లు! ద్రవ్యవేగం మొదటి సందర్భంలో 40, రెండవ సందర్భంలో 120. పదోవంతు సెకనులో కుక్క ఆగిపోతే మెడ మీద పడే బలం మొదటిసారి 400 న్యూటన్లు, రెండోసారి 1200 న్యూటన్లు. అంటే సుమారు 120 కిలోల బరువు. క్వింటాలుకు మించిన ధాన్యాన్ని ఒక్కసారిగా ఆ మెడకు వేలాడదీసినట్లు!

అంతటితో అయిపోలేదు. ఆ బలం ఎంత చోటున పడుతుంది? అర సెంటీమీటరు మందం తాడు మెడ ముందు భాగాన 20 సెంటీమీటర్ల మేర ఆనితే వైశాల్యం 10 చదరపు సెంటీమీటర్లు. రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు బెల్టయితే 50. పీడనం ఐదో వంతుకు తగ్గుతుంది. నమ్మకం కుదరకపోతే, నీళ్లు నింపిన బిందెను ఒకసారి సన్న సుతిలి తాడుతో, మరోసారి మంచానికి అల్లే నవారుతో పట్టుకుని చూడండి. మీ వేళ్లే చెబుతాయి.

మెడ ముందు భాగంలో చర్మం కింద ఉన్నది శ్వాసనాళం. దానికి ఆసరాగా ఉండే మృదులాస్థి వలయాలు కుక్కలోనూ మనలోనూ ఒకే తీరు. ఆ దగ్గు అందుకే. 2006లో ప్రచురించిన ఒక పరిశోధనలో, మెడ బెల్టుతో లాగినప్పుడు కుక్కల కళ్లలోని పీడనం కూడా పెరిగినట్లు తేలింది. అదే లాగుడు ఛాతీకి తొడిగిన పట్టీల మీద పడినప్పుడు అలా పెరగలేదు. దుకాణాల్లో ఆ పట్టీలనే 'హార్నెస్' అంటారు. కనుక మొదటి నియమం ఇది: తాడు పొడవైనదైతే దాన్ని మెడకు కట్టకూడదు, ఛాతీ పట్టీకే కట్టాలి.

"అయితే పొడుగు తాడే వద్దు గదా సార్?" అని మీరు అడగవచ్చు. వద్దనను. పిలిస్తే రావడం నేర్పాలంటే కుక్క కొంత దూరం పోవాలి కదా! దానికి 5 నుంచి 10 మీటర్ల తాడు కావాలి. కోత అయిపోయిన మడిలోనో, బడి మైదానంలోనో నేర్పండి. చెరకు తోటలో మాత్రం వద్దు, తాడు మొదళ్లకు చుట్టుకుంటుంది. పేరు పెట్టి పిలవండి, వస్తే రొట్టెముక్క ఇవ్వండి, మళ్లీ వదలండి. తాడును వేళ్లకు, మణికట్టుకు చుట్టుకోకండి. కుక్క హఠాత్తుగా ఉరికితే దానితోపాటు నాలుగడుగులు వేస్తూ ఆపండి. క్రికెట్ ఆటగాడు బంతి పట్టేటప్పుడు చేతులు వెనక్కి తీసుకోవడం చూశారు కదా? ఆగే కాలం మూడింతలైతే బలం మూడోవంతవుతుంది, 1200 కాస్తా 400 అవుతుంది.

వాసన పట్టి దొంగ జాడ తీసే పోలీసు జాగిలాలకూ పొడవాటి తాడు, ఛాతీ పట్టీ వాడతారు. మన రాష్ట్రంలో వాటికి హైదరాబాదు దగ్గర మొయినాబాద్‌లోని అకాడమీలో శిక్షణ ఇస్తారు. అక్కడ దారి చూపేది కుక్క, వెంట నడిచేది మనిషి. లాగవద్దని దానికి చెప్పరు. ఛాతీ పట్టీ పుట్టిందే లాగడానికి. ఎద్దు మెడ మీద కాడి, గుర్రం రొమ్ముకు పట్టీ లాంటిదే ఇది.

పక్కన నడవడం నేర్పేటప్పుడు కథ తారుమారవుతుంది. ఇక్కడ లాగకపోవడమే పాఠం. దీనికి ఒకటిన్నర మీటర్ల నవారు పట్టీ చాలు. కుక్క మీ పక్కన ఉన్నప్పుడు అది ఉయ్యాల తాడులా కిందికి వంగి ఉండాలి. బిగిసిందా, మీరు చెట్టులా నిలబడిపోండి. వదులైందా, నడవండి. బలంగా గుంజే కుక్కకు, రొమ్ము ముందు కొక్కెం ఉన్న ఛాతీ పట్టీ మేలు. అది ముందుకు ఉరికినప్పుడు తాడు బలం శరీర మధ్యానికి పక్కగా పడి, కుక్కను మీ వైపుకు తిప్పుతుంది. తలుపును మడతబందు దగ్గర కాకుండా అంచున నెట్టినట్లన్నమాట.

చెట్టులా నిలబడితే కుక్కకు ఎలా తెలుస్తుంది? 1898లో అమెరికా శాస్త్రవేత్త థార్న్‌డైక్ ఆకలిగొన్న పిల్లులను పెట్టెల్లో ఉంచి, బయట ఆహారం పెట్టాడు. మీట కదిపితే తలుపు తెరుచుకుంటుంది. మొదట పిల్లి పిచ్చిగా గీరింది. పదేపదే పెట్టగా, చూడగానే మీట దగ్గరికి పోవడం నేర్చింది. మంచి ఫలితమిచ్చిన పని మళ్లీ జరుగుతుంది. దీనినే ఫలిత నియమం అన్నాడు. కుక్కకు ముందుకు పోవడమే ఫలితం. గుంజినప్పుడల్లా మీరు వెంట పోతే, గుంజడం నేర్పుతున్నది మీరే!

ఇందులో ఒక చిక్కుంది. తొమ్మిదిసార్లు ఆగి పదోసారి "పోనీలే" అని వెంట నడిచారనుకోండి. ఫెర్‌స్టర్, స్కిన్నర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పావురాలతో చేసిన ప్రయోగాలను 1957లో పుస్తకంగా వెలువరించారు. ఎప్పుడో ఒకసారి గింజ దొరికే పావురం, ప్రతిసారీ దొరికిన దానికంటే మొండిగా మీటను పొడుస్తూనే ఉంటుంది, గింజలు ఆపేసిన తర్వాత కూడా! ఇంట్లో నాన్న ఒకలా, తమ్ముడు ఒకలా తాడు పట్టుకుంటే కుక్క ఎందుకు నేర్వదో ఇప్పుడు అర్థమైందా?

నిజామాబాద్ దుకాణాల్లోనూ దొరికే, డబ్బాలో స్ప్రింగు ఉండి సాగే తాడు నాకు నచ్చదు. స్ప్రింగు ఎప్పుడూ కొంచెం లాగుతూనే ఉంటుంది, వదులు అనేదే ఉండదు. పైగా కుక్క గుంజితే తాడు పెరుగుతుంది. ఇది తప్పు పాఠం కాదూ? గొలుసుతోనూ ఇదే చిక్కు. కొరికినా తెగదు, నిజమే. కాని దాని బరువు ఎల్లప్పుడూ మెడను లాగుతుంటే మీ చేతి సైగ ఎలా తెలుస్తుంది? రైసుమిల్లు హోరులో గుసగుసలాడినట్లే. బిగుసుకునే ఉచ్చు గొలుసుల జోలికి అసలే పోవద్దు. పొద్దస్తమానం గొలుసుకు కట్టేసిన కుక్కకు శిక్షణ ఇస్తున్నామని ఎవరైనా అంటే నవ్వొస్తుంది.

అన్నట్టు, తాడు కొనడానికి ముందే పశువుల ఆసుపత్రిలో రేబీస్ టీకా వేయించండి.

ఇప్పుడు బండి కింద కుక్క గుర్తుందా? మిట్టమధ్యాహ్నం అక్కడ నీడ. యజమాని వాసన. బండి ఆగినచోట జొన్నరొట్టె ముక్క. ఈ ఫలితాలే దాన్ని పట్టి ఉంచిన తాడు.

మా తరగతి పిల్లవాడు పాత నవారుతో పొడుగు తాడు కుట్టించుకున్నాడు. ఛాతీ పట్టీ కొన్నాడు. రోజూ సాయంత్రం కోసిన మడిలో సాధన. నెల తర్వాత అడిగితే, "పిలిస్తే వస్తుంది సార్, మేకలున్నా వస్తుంది" అన్నాడు. మరి పంది కనబడితే? తల గోక్కున్నాడు.

"అప్పుడు నా మాట ఇంటలేదు సార్. అందుకే తాడు ఇంకా ఇప్పలే."