హోటల్ పొయ్యి ఇంటికొచ్చింది

ఫ్రెంచి వంటను టీవీలో అమెరికా ఇల్లాళ్లకు నేర్పిన జూలియా చైల్డ్ వంటగది ఇప్పుడు వాషింగ్టన్‌లోని జాతీయ చరిత్ర మ్యూజియంలో ఉంది. గరిటెలు, గిన్నెలతో సహా గదికి గది అక్కడికి తరలించారు. అందులో గార్లండ్ కంపెనీ ఆరు బర్నర్ల పొయ్యి ఒకటుంది. 1956లో ఆమె, భర్త పాల్ కలిసి దాన్ని సెకండ్ హ్యాండ్‌లో 429 డాలర్లకు కొన్నారు. అది ఇళ్ల కోసం చేసిన పొయ్యి కాదు, హోటళ్ల కోసం చేసింది. ఈనాడు ఇల్లు బాగు చేయించుకునేవాళ్లు వేల డాలర్లు పోసి కొనే ‘ప్రో’ రేంజి ఇలాంటి హోటల్ పొయ్యికి వారసురాలే.

గ్యాస్ పొయ్యి అప్పటికే పాతది. ఇంగ్లండులోని నార్తాంప్టన్‌లో జేమ్స్ షార్ప్ అనే ఆయన 1826లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. వీధివీధికీ గ్యాస్ గొట్టాలు వచ్చాక అది ఇళ్లలోకి చేరింది. ఇరవయ్యో శతాబ్దం మధ్యకొచ్చేసరికి అమెరికా ఇంటి పొయ్యి తేలికైంది, చవకైంది, మంట మాత్రం మామూలుగానే ఉండిపోయింది. పెద్ద మంట కావాలంటే హోటల్ సామాన్ల కొట్టుకే పోవాలి.

అయితే హోటల్ పొయ్యిని ఇంట్లో పెట్టడం ప్రమాదం. దాని పక్క రేకుల వెనక వేడిని ఆపే పొర ఉండదు. హోటల్లో చుట్టూ ఉక్కు, టైల్సు ఉంటాయి గనుక సరిపోతుంది. ఇంట్లో దాన్ని ఆనుకుని చెక్క బీరువాలుంటాయి. పైగా దాని లోతు ఎక్కువ, ఇంటి వంటగట్టు దాటి ముందుకు పొడుచుకొస్తుంది. రాత్రీ పగలూ వెలుగుతూనే ఉండే పైలట్ మంటలు వంట లేనప్పుడు కూడా గదిని కాచేస్తాయి.

ఈ చిక్కును విప్పినవాడు పొయ్యిల కంపెనీ ఇంజనీరు కాదు, ఇళ్లు కట్టే మనిషి. మిసిసిపి రాష్ట్రంలో పత్తి పండే గ్రీన్‌వుడ్ ఊరివాడు, పేరు ఫ్రెడ్ కార్ల్. 1980ల మొదట్లో సొంత ఇల్లు కట్టుకుంటుంటే, తన తల్లి వాడిన ఛాంబర్స్ పొయ్యిలాంటి బరువైన, గట్టి పొయ్యి కావాలని భార్య మార్గరెట్ అడిగింది. అలాంటివి అప్పటికి తయారవడం లేదు. హోటల్ పొయ్యి ఇంట్లో ఇమడదు. దాంతో ఆయనే కాగితం మీద గీసుకోవడం మొదలుపెట్టాడు. చుట్టూ వేడి ఆపే పొర పెట్టాడు, లోతును గట్టుకు సరిపడా తగ్గించాడు, పైలట్ మంట తీసేసి నిప్పురవ్వతో వెలిగేలా చేశాడు. 1984లో వైకింగ్ కంపెనీ పుట్టింది. 1987లో మొదటి పొయ్యి బయటికొచ్చింది. ఆ తర్వాత ఫ్రిజ్‌లు చేసే సబ్-జీరో 2000లో వుల్ఫ్ కంపెనీ ఇంటి పొయ్యిల విభాగాన్ని కొనేసింది. 2012 చివర వైకింగ్‌నే మిడిల్‌బీ కొనుక్కుంది. ఆ మిడిల్‌బీ ప్రధానంగా హోటల్ వంటశాలల యంత్రాలు చేసే సంస్థ.

ఇప్పుడు అమ్మేవాళ్లు ముందుగా చెప్పేది బీటీయూల లెక్క. ఒక పౌండు నీటిని ఒక డిగ్రీ ఫారెన్‌హీట్ వేడెక్కించే ఉష్ణం ఒక బీటీయూ. గంటకు 9,000 బీటీయూలిచ్చే బర్నరంటే సుమారు 2.6 కిలోవాట్లు, 15,000 అంటే 4.4 కిలోవాట్లు. మంటలోని వేడిలో పదింట నాలుగు వంతులు గిన్నెకు చేరతాయనుకుంటే, నాలుగు లీటర్ల నీళ్లు మరగడానికి మొదటిదానికి 20 నిమిషాలు, రెండోదానికి 12 నిమిషాలు పడతాయి. తేడా ఉంది, కాదనను. కానీ పెద్ద మంట చేయడం కష్టమైన పని కాదు. రంధ్రం పెద్దది చేసి గ్యాస్ ఎక్కువ వదిలితే చాలు. పనితనం తెలిసేది సిమ్‌లో పెట్టినప్పుడు.

నాబ్ తిప్పగానే సన్నటి జెట్‌లోంచి గ్యాస్ దూసుకొస్తూ పక్కనున్న గాలిని తనతో లాక్కుపోతుంది. ఈ కలయిక మండితేనే నీలిమంట. సహజవాయువులోని మీథేన్ పూర్తిగా మండడానికి తనకు దాదాపు పది రెట్లు గాలి కావాలి, ప్రొపేన్‌కైతే 24 రెట్లు. ఆ కలిసిన వాయువులో మంట ముందుకు పాకే వేగం సెకనుకు సుమారు 40 సెంటీమీటర్లు. రంధ్రాల్లోంచి వాయువు మరీ జోరుగా వస్తే మంట బర్నరు నుంచి పైకి లేచి ఆరిపోతుంది. మరీ నెమ్మదిగా వస్తే లోపలికి వెనక్కి పాకుతుంది, లేదా చల్లటి ఇనుము తగిలి చచ్చిపోతుంది. అందుకే ఒకే వరస రంధ్రాల బర్నరు ఎంత సన్నగా మండాలన్నా ఒక హద్దుంది. 18,000 బీటీయూల కోసం చేసిన రంధ్రాల్లో 500 బీటీయూల మంట నిలవదు.

దీనికి రెండు దారులు కనిపెట్టారు. ఒకటి, పెద్ద వరస కింద చిన్న రంధ్రాల వరస ఇంకొకటి పెట్టడం. నాబ్ బాగా తగ్గిస్తే పైది ఆరి కిందది మాత్రమే మండుతుంది. రెండోది, మంటను కాసేపు ఆర్పి మళ్లీ వెలిగించడం. రెండూ పనిచేస్తాయి. నా మటుకు నాకు మొదటిదే నచ్చుతుంది. పాలు కాచినా, పప్పు ఎనిపాక చారు పెట్టినా ఎడతెగని చిన్న మంటకు సాటి లేదు.

మంట ఆకారం కూడా చూడాలి. మూసిన బర్నర్లలో పొంగినది లోపలికి కారదు, తుడవడం తేలిక. కానీ మూత అడ్డు గనుక మంట బయటికి విచ్చుకుంటుంది, పెనం నడిబొడ్డు చల్లగా ఉండిపోతుంది. తెరిచిన బర్నరులో మంట నడిమికీ అందుతుంది, తుడుచుకునే పని మాత్రం ఎక్కువ. షోరూములో మంట వెలిగించి చూపిస్తామంటే ఇంటినుంచి దోసె పెనం పట్టుకెళ్లండి. దానిమీద గోధుమపిండి పలచగా చల్లి చూస్తే ముందు ఎక్కడ ఎర్రబడుతుందో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. కొన్నిటిలో అంచున ఎర్రటి వలయం ఏర్పడి నడుమ తెల్లగానే ఉంటుంది. అలాంటి పొయ్యి మీద దోసె నడుమ పచ్చిగా ఉండి అంచులు మాడతాయి. పోపు గిన్నె కూడా పెట్టి చూడాలి. దాని అడుగుకు మించిన మంట పక్కలనుంచి లేచి చేయి కాలుస్తుంది.

డల్లాస్, న్యూజెర్సీల్లోని మనవాళ్లు పోపు ఘాటుకు భయపడి గ్యారేజీలోనో వెనక వరండాలోనో ఇంకో పొయ్యి పెట్టుకోవడం తెలిసిందే. అసలు డబ్బు పెట్టాల్సింది పొయ్యి పైనున్న చిమ్నీ మీద. అక్కడ వాడుకలో ఉన్న లెక్క ప్రకారం వంద బీటీయూలకు నిమిషానికి ఒక ఘనపు అడుగు గాలి బయటికి పోవాలి. 15,000 చొప్పున ఆరు బర్నర్లుంటే 900 ఘనపుటడుగులు. 400 దాటితే, పోయిన గాలికి బదులు బయటిగాలి లోపలికొచ్చే ఏర్పాటు ఉండాలని అమెరికా ఇళ్ల నిర్మాణ నియమావళి చెబుతుంది. కిటికీలు బిగించుకున్న ఇంట్లో ఆ ఏర్పాటు లేకపోతే చిమ్నీ ఎక్కడ సందు దొరికితే అక్కడినుంచే గాలి లాగుతుంది. గ్యాస్ వాటర్ హీటరు పొగగొట్టం నుంచి లాగితే కార్బన్ మోనాక్సైడు ఇంట్లోకొస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, మనుషులను చంపుతుంది. గాలిని బొగ్గు జల్లెడలోంచి తిప్పి మళ్లీ గదిలోకే వదిలే చిమ్నీలున్నాయి. అవి వాసన కాస్త తగ్గిస్తాయంతే. మంట వేడికి గాలిలోని నైట్రోజన్ ఆక్సిజన్‌తో కలిసి పుట్టే నైట్రోజన్ డయాక్సైడు మాత్రం వాటికి అంతగా చిక్కదు. ఉబ్బసం ఉన్న పిల్లలున్న ఇంటికి ఇది పెద్ద విషయం. గొట్టం బయటికే పోవాలి, తక్కువ వంకరలతో పోవాలి. ఘాటైన పోపులు వెనక బర్నర్ల మీద పెడితే చిమ్నీకి బాగా అందుతాయి.

గ్యాస్ పైపు సంగతి చాలామందికి చివర్లో గుర్తొస్తుంది. పాత పొయ్యికి సరిపోయిన సన్నపైపు, ఇల్లు వెచ్చబరిచే ఫర్నేసు కూడా నడుస్తుండగా 90,000 బీటీయూలు మోయలేకపోవచ్చు. అప్పుడు ఆరూ వెలిగిస్తే అన్ని మంటలూ కుంగుతాయి. ఊరి బయట ప్రొపేన్ ట్యాంకు వాడేవాళ్లకు జెట్లే వేరు. అదే పరిమాణంలో ప్రొపేన్ రెండున్నర రెట్లు వేడినిస్తుంది గనుక సన్న రంధ్రాలు బిగించాలి, లేకపోతే పసుపు మంట లేచి గిన్నెలు మసిబారతాయి. పైపు లెక్క, చిమ్నీ గొట్టం దారి రెండూ గోడలు విప్పి ఉన్నప్పుడే తేల్చుకుని, ఆ తర్వాతే పొయ్యికి ఆర్డరు పెట్టాలి.